ఈ డ్రమ్ము ఎప్పటిది? ఎక్కడిది?

పంద్రాగస్టు దగ్గర పడగానే బడిలో సామాన్ల గది తలుపు తెరుస్తారు. మూలన పడి ఉన్న డ్రమ్మును బయటికి తెచ్చి దుమ్ము దులుపుతారు. కవాతులో అందరి అడుగులూ ఒక్కటిగా పడాలంటే అది మోగాలి కదా! ఆ డ్రమ్ము వయసెంతో ఎవరినైనా అడిగి చూడండి. "చాలా పాతది" అంటారు ఒకరు. "రాజుల కాలం నాటిది" అంటారు మరొకరు. గద్వాల, వనపర్తి ఒకప్పుడు సంస్థానాలు. అందుకని మన ప్రాంతంలో ఈ రెండో జవాబు మరీ సులువుగా వస్తుంది.

కాని "రాజుల కాలం" అంటే ఏ సంవత్సరం? "చాలా పాతది" అంటే ఎన్నేళ్ళు? ఇవి జవాబులు కావు, జవాబు తెలియదని చెప్పే పద్ధతులు. డ్రమ్ము నోరు విప్పి తన పుట్టిన తేదీ చెప్పదు. అయినా దాని మీది ప్రతి స్క్రూ, ప్రతి పూత, ప్రతి అక్షరం సాక్ష్యం చెబుతాయి. ఆ సాక్షులను ఎలా ప్రశ్నించాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రెండు గోడల మధ్య

ముందు ఒక చిన్న సూత్రం నేర్చుకోవాలి. పాత ఇంటి గోడ పగలగొడుతుంటే మట్టిలోంచి 1964 అని అచ్చు వేసిన పైసా నాణెం దొరికిందనుకోండి. ఆ గోడ 1964లో కట్టారని చెప్పగలమా? చెప్పలేం. నాణెం పదేళ్ళు జేబుల్లో తిరిగాక గోడలో పడి ఉండవచ్చు. ఒక్కటి మాత్రం కచ్చితం. ఆ గోడ 1964కు ముందు కట్టినది కాదు.

ఇలాంటి ఆధారం "దీనికి ముందు కాదు" అని చెబుతుంది. ఇది ఒక వైపు గోడ. "దీని తరవాత కాదు" అని చెప్పే ఆధారం రెండో వైపు గోడ. వస్తువు పుట్టిన సంవత్సరం ఈ రెండు గోడల మధ్య ఎక్కడో ఉంటుంది. కొత్త ఆధారం దొరికినప్పుడల్లా గోడలు దగ్గరవుతాయి. వయసు కట్టడమంటే తేదీని ఊహించడం కాదు, గోడలను దగ్గరికి జరపడం.

రెండో సంగతి. డ్రమ్ము అనేక భాగాల కూర్పు. మధ్యనున్న గుండ్రని చెక్క లేదా రేకు పీపా, దాని మీద బిగించిన పొర, పొరను పట్టి ఉంచే కమ్మీ, కమ్మీని బిగించే స్క్రూలు, కంపెనీ పేరు ఉన్న బిళ్ళ. ఇవన్నీ ఒకే రోజున పుట్టి ఉండనక్కర లేదు. పొర చిరిగితే మారుస్తారు. స్క్రూ పోతే బజారులో దొరికింది వేస్తారు. కనుక ప్రతి సాక్షినీ "నువ్వు మొదటినుంచీ ఇక్కడే ఉన్నావా?" అని అడగాలి.

అక్షరాలు చెప్పే కథ

అన్నిటికంటె ముందు అక్షరాలు చదవండి. డ్రమ్ము మీద లోహపు బిళ్ళ గాని, లోపల అంటించిన కాగితం గాని ఉంటుంది. ఊళ్ళ పేర్లూ దేశాల పేర్లూ చరిత్రతో పాటు మారుతూ వచ్చాయి. కనుక చిరునామా కూడా ఒక గడియారమే.

మన ఊళ్ళతోనే మొదలు పెడదాం. ఒక వస్తువు మీద "గద్వాల, రాయచూరు జిల్లా" అని ఉంటే ఆశ్చర్యపోకండి. 1956 దాకా గద్వాల, ఆలంపూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు అవి తెలుగు రాష్ట్రంలోకి వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. కాబట్టి "గద్వాల, మహబూబ్‌నగర్ జిల్లా" అన్న రాత 1956కు ముందుది కాదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి. "వనపర్తి జిల్లా" అని రాసి ఉన్న వాద్యం మీది ఆ రాత 2016 కంటె పాతది కాలేదు.

పిన్‌కోడ్ ఇంకా మంచి సాక్షి. గద్వాలకు 509125, వనపర్తికి 509103, నాగర్‌కర్నూలుకు 509209 అని మీకు తెలుసు. ఈ ఆరంకెల పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలయింది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే ఆ కాగితం అంతకు ముందుది కాదు. మరి పిన్‌కోడ్ లేకపోతే? 1972కు ముందుదని తీర్పు చెప్పేయకూడదు. ఈనాడు కూడా పిన్‌కోడ్ రాయని వాళ్ళు ఎందరు లేరు! ఉన్నదాన్ని బట్టి గట్టిగా చెప్పవచ్చు. లేనిదాన్ని బట్టి మెల్లిగా మాత్రమే చెప్పాలి.

మన బ్యాండు మేళాల వాద్యాలు చాలావరకు ఉత్తర భారతం నుంచి వచ్చేవి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరంలో జలీ కోఠీ ప్రాంతం బ్యాండు వాద్యాల తయారీకి పేరు పొందింది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలయింది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ నగరం కూడా డ్రమ్ములు, బ్యాగ్‌పైపులు చేసే ఊరే. బిళ్ళ మీద "సియాల్‌కోట్, ఇండియా" అని ఉంటే దాని అర్థమేమిటో మీరే చెప్పండి. అవును, ఆ బిళ్ళ 1947 దేశ విభజనకు ముందు కొట్టినది.

ఒక చిక్కు కూడా ఉంది. "మీరట్, యు.పి." అని ఉంటే? 1950 జనవరికి ముందు ఆ రెండక్షరాలకు యునైటెడ్ ప్రావిన్సెస్ అని అర్థం. తరవాత ఉత్తరప్రదేశ్ అని అర్థం. రెండింటికీ పొట్టి పేరు ఒక్కటే! ఈ సాక్షి మాట్లాడుతున్నట్టే ఉంటుంది గాని ఏమీ చెప్పదు.

విదేశాల వాద్యాల మీద "మేడ్ ఇన్" అని దేశం పేరు ఉంటుంది. సరుకు ఏ దేశానిదో చెప్పి తీరాలని బ్రిటన్ 1887లోను, అమెరికా 1890లోను చట్టాలు చేశాయి. అప్పటినుంచి ఈ అలవాటు బలపడింది. "పశ్చిమ జర్మనీ" అని ఉంటే 1949కి, 1990కి మధ్య. "ఆక్రమిత జపాన్" అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1952 లోపల. కొన్నేళ్ళే బతికిన దేశం పేరు, వయసు కట్టేవాడికి ఎంతో విలువైనది.

లోహాలు, స్క్రూలు

ఇప్పుడు మెరుపు చూడండి. పాత వాద్యాల ఇనుప, ఇత్తడి భాగాలకు నికెల్ పూత వేసేవారు. నికెల్ మెరుపులో కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. కాలం గడిచిన కొద్దీ మసకబారుతుంది. క్రోమియం మెరుపు నీలి ఛాయతో అద్దంలా ఉంటుంది, త్వరగా మసకబారదు. విద్యుత్తుతో క్రోమియం పూత వేసే పద్ధతి వ్యాపారంలోకి వచ్చింది 1920ల నడుమ. కనుక క్రోమియం పూత మొదటినుంచీ ఉన్న డ్రమ్ము అంతకంటె పాతది కాదు. నికెల్ పూత ఉన్నదల్లా పాతదని మాత్రం అనుకోకండి. నికెల్ పూత ఇవాళ కూడా వేస్తారు.

పూత కింద ఏ లోహముందో తెలుసుకోవడానికి అయస్కాంతం చాలు. గట్టిగా అంటుకుంటే ఇనుము లేక ఉక్కు. అంటుకోకపోతే ఇత్తడో అల్యూమినియమో కావచ్చు. చేతిలోకి తీసుకుంటే అల్యూమినియం తేలిక. విద్యుత్తుతో అల్యూమినియాన్ని చౌకగా తీసే విధానం 1886లో తెలిసింది. అంతకు ముందు దానితో డ్రమ్ము చేయడమంటే ఖరీదైన సరదా.

ఇక స్క్రూ తల. ఒకే గాడి ఉన్న స్క్రూ చాలా పాతకాలం నుంచి ఉంది, ఇప్పటికీ ఉంది. మనం "స్టార్ స్క్రూ" అని పిలిచే నాలుగు మొనల గాడి స్క్రూ 1930ల నడుమ అమెరికాలో బజారుకు వచ్చింది. అసలు స్క్రూలే స్టార్ స్క్రూలైతే, ఆ డ్రమ్ము అంతకు ముందుది కాదు.

స్క్రూ చుట్లు దేశాన్ని కూడా సూచిస్తాయి. ఇంగ్లండులో 1841లో విట్‌వర్త్ ఒక కొలత ఏర్పరచాడు. అందులో చుట్ల మధ్య కోణం 55 డిగ్రీలు. అమెరికా కొలతలోను, మిల్లీమీటర్ల కొలతలోను అది 60 డిగ్రీలు. కోణం కొలవడానికి మన దగ్గర సాధనం ఉండదు. కాని చుట్లు లెక్కపెట్టవచ్చు. అమెరికా డ్రమ్ముల బిగింపు స్క్రూకు అంగుళానికి 24 చుట్లు ఉండడం మామూలు. జర్మనీ డ్రమ్ములలో చుట్టు చుట్టుకూ 1 మిల్లీమీటరు దూరం ఉన్న స్క్రూలు కనిపిస్తాయి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. 20 చుట్ల పొడవు కొలిచి చూడండి. 20 మిల్లీమీటర్లు వస్తే రెండో రకం. 21 మిల్లీమీటర్లు దాటితే మొదటి రకం. ఒక్క చుట్టులో కంటికి కనబడని తేడా ఇరవై చుట్లలో స్పష్టంగా కనబడింది. చిన్న తేడాను పట్టుకోవాలంటే దాన్ని పదేపదే కూడనివ్వాలి. లోలకం కాలం కొలిచేటప్పుడు 20 ఊపులు లెక్కపెట్టేది కూడా ఇందుకే కదా!

ఒక జాగ్రత్త. డ్రమ్ము వెడల్పు 14 అంగుళాలు ఉందని "ఇది మెట్రిక్ పద్ధతికి ముందుది" అనకండి. మెట్రిక్ కొలతలు వాడే దేశాలలో కూడా డ్రమ్ముల వెడల్పును నేటికీ అంగుళాలలోనే చెబుతారు.

చర్మమా? ప్లాస్టిక్కా?

వాయించే ముఖం మీద పూర్వం దూడ చర్మం, మేక చర్మం బిగించేవారు. చర్మం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో సాగి, శ్రుతి దిగిపోతుంది. మన డప్పు కళాకారులు వాయించే ముందు మంట దగ్గర డప్పును కాచేది ఇందుకే. వేడికి తేమ పోయి చర్మం బిగుస్తుంది, స్వరం లేస్తుంది.

పాలియెస్టర్ పొరకు ఈ బాధ లేదు. 1950లలో అమెరికాలో తయారైన ఆ పలచని గట్టి పొరను 1956, 1957 ప్రాంతాల్లో డ్రమ్ములకు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. కొద్ది ఏళ్ళలోనే అది దేశదేశాలకు పాకింది. ప్లాస్టిక్ పొర ఉన్న డ్రమ్ము 1956కు ముందుది కాదందామా? తొందరపడకండి! పొర మార్చేది కదా. కమ్మీ కింద తొంగి చూడండి. అక్కడ ఎండిన చర్మపు ముక్కలు అంటుకుని ఉంటే, మొదటి పొర చర్మమే. ప్లాస్టిక్ తరవాత వచ్చిన అతిథి.

గడ్డి తిన్న సంవత్సరం

చర్మం వయసును ప్రయోగశాలలో కట్టే చిత్రమైన మార్గం ఒకటుంది. గాలిలోని కార్బన్‌లో అతి కొద్ది భాగం కార్బన్-14. మొక్కలు దాన్ని గాలి నుంచి తీసుకుంటాయి. గడ్డి తిన్న మేకలోకి, దూడలోకి అది చేరుతుంది. ప్రాణం పోయాక కొత్త కార్బన్ చేరదు. ఉన్నది మెల్లగా తరిగి 5730 ఏళ్ళకు సగమవుతుంది. ఇంత మెల్లని గడియారంతో 1900కు, 1940కి తేడా తేల్చడం కష్టం.

కాని 1950ల నడుమ నుంచి పెద్ద దేశాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చి పరీక్షించడంతో గాలిలో కార్బన్-14 పెరిగిపోయింది. ఉత్తరార్ధ గోళంలో 1963 నాటికి దాదాపు రెట్టింపయింది. ఆ ఏడాదే గాలిలో పరీక్షలు ఆపాలని అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి. అప్పటినుంచి సముద్రాలూ చెట్లూ దాన్ని పీల్చుకుంటూ ఉంటే మట్టం దిగుతూ వచ్చింది. ఎక్కడో ఎడారిలో, ఎక్కడో దీవిలో పేల్చిన బాంబుల గుర్తు కృష్ణ ఒడ్డున మేసిన మేక చర్మంలో కూడా ఉంటుంది! చర్మంలో ఆ పెంపు ఏమాత్రం లేకపోతే ఆ జంతువు 1950ల నడిమికి ముందు బతికినది. పెంపు ఉంటే ఆ తరవాతది. ఎంత పెంపు ఉందో చూసి, ఎక్కే మెట్టు మీద ఒక సంవత్సరం, దిగే మెట్టు మీద ఒక సంవత్సరం చెప్పవచ్చు. రెండింటిలో ఏదో తేల్చడానికి మళ్ళీ స్క్రూలూ అక్షరాలే దిక్కు.

ఇంట్లోనే చూడగల వెలుగు పరీక్ష కూడా ఉంది. దొంగనోట్లు పట్టడానికి దుకాణాలలో వాడే అతినీలలోహిత దీపం కింద లేబుల్ కాగితం పెట్టండి. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు ఆ దీపం కింద నీలంగా వెలుగుతాయి. అవి 1950 ప్రాంతం నుంచి కాగితాలలో వాడుకకు వచ్చాయి. దీపం వైపు సూటిగా చూడకూడదు సుమా!

సంఖ్యలు ఉంటే?

అమెరికాలోని చికాగోలో లడ్విగ్ సోదరులు 1909లో డ్రమ్ముల కంపెనీ పెట్టారు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్‌లో పాడినప్పుడు వారి డ్రమ్ము మీద ఆ పేరు కోట్లమంది చూశారు. గిరాకీ విపరీతంగా పెరిగింది. దాదాపు అదే కాలం నుంచి, అంటే 1963 ప్రాంతం నుంచి, లడ్విగ్ బిళ్ళల మీద వరస సంఖ్యలు ఉన్నాయి. ఇంకేం, సంఖ్య చూసి సంవత్సరం చెప్పేయవచ్చు అనుకుంటారు. కాని బిళ్ళలను వరస తప్పకుండా బిగించాలన్న నియమం కార్ఖానాలో లేదు. ముందు అచ్చయిన బిళ్ళ తరవాతి డ్రమ్ముకు పోవచ్చు. అందుకే సంఖ్య సుమారు కాలం చెబుతుంది, తేదీ చెప్పదు. ఇంగ్లండులో 1922లో లండన్‌లో మొదలైన ప్రీమియర్ కంపెనీ, రెండో ప్రపంచ యుద్ధకాలంలో కార్ఖానా బాంబుదాడిలో దెబ్బతినగా లెస్టరుకు తరలింది. ఒకే పేరుకు రెండు ఊళ్ళు. పైగా బిళ్ళ మీది చిరునామా అమ్మిన దుకాణానిది కూడా కావచ్చు.

ఒక లెక్క చేద్దాం

మన సామాన్ల గదిలో ఒక డ్రమ్ము ఉందని ఊహించుకోండి. లోపలి లేబుల్ మీద మీరట్ చిరునామా ఉంది, పిన్‌కోడ్ లేదు. లేబుల్ అంచు ఒక నట్టు కింద నలిగి ఉంది. ఆ నట్టును ఎవరూ విప్పిన జాడ లేదు. కనుక లేబుల్ మొదటినుంచీ ఉన్నదే. దీపం కింద అది నీలంగా వెలిగింది. స్క్రూలు స్టార్ స్క్రూలు. పొర ప్లాస్టిక్, కమ్మీ కింద మాత్రం చర్మం ముక్కలు. పీపా మీద రంగుతో "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, గద్వాల, మహబూబ్‌నగర్ జిల్లా" అని రాసి ఉంది.

స్క్రూలు "1930ల నడిమికి ముందు కాదు" అంటున్నాయి. లేబుల్ "సుమారు 1950కి ముందు కాదు" అంటోంది. గోడ ముందుకు జరిగింది. ప్లాస్టిక్ పొర సాక్ష్యం చెల్లదు. మన రాష్ట్రంలో జిల్లా పరిషత్తులు ఏర్పడింది 1959లో. కనుక పీపా మీది రాత 1959కి ముందుది కాదు. అయితే అది రాత వయసు, డ్రమ్ము వయసు కాదు. పిన్‌కోడ్ లేకపోవడం చిన్న సూచన మాత్రమే.

రెండో గోడ ఎక్కడ? ఇప్పటిదాకా ఒక్క సాక్షీ "దీని తరవాత కాదు" అని గట్టిగా చెప్పలేదు. అప్పుడు బడి సామాన్ల రిజిస్టరు తీశాం. 1964లో ఒక సైడ్ డ్రమ్ము కొన్నట్టు రాసి ఉంది. ఆ వరస సంఖ్యే డ్రమ్ము లోపల కూడా ఉంది. రెండో గోడ దొరికింది! ఈ డ్రమ్ము మీరట్ నుంచి వచ్చింది, సుమారు 1950కి 1964కు మధ్య పుట్టింది. రాజుల కాలం నాటిది కాదు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిపోయింది, ఆపైన సంస్థానాలు రద్దయ్యాయి. అయినా దీని విలువ తగ్గలేదు. ఇప్పుడు దీని గురించి మనకు నిజం తెలుసు.

చూశారా, అన్ని సాక్ష్యాలలోకీ బలమైనది ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు. మాసిపోయిన ఒక రిజిస్టరు ఇచ్చింది.

పేరు లేని వాద్యాలు

మన డప్పుకు బిళ్ళ లేదు, సంఖ్య లేదు. చేసిన వాడు పేరు రాసుకోలేదు. చెక్క చట్రం తాతగారి నాటిది కావచ్చు, చర్మం నిరుటిది కావచ్చు. ఇక్కడ మనిషి జ్ఞాపకమే రిజిస్టరు. "ఏ సంవత్సరం?" అని పెద్దలను అడిగితే చెప్పలేకపోవచ్చు. "శ్రీశైలం నీళ్ళలో ఊళ్ళు మునగక ముందా, మునిగాకా?" అని అడగండి. కొల్లాపూరు, ఆలంపూరు వైపు వాళ్ళు తడుముకోకుండా చెబుతారు. అది 1981 ప్రాంతం. "కృష్ణ వరద వచ్చిన ఏడు చేతిలో ఉందా?" అంటే 2009 అక్టోబరు. ఇవీ గోడలే.

వాద్యం పుట్టిన చోటు, మోగిన చోటు వేరు కావడం కూడా మామూలే. 19వ శతాబ్దిలో వనపర్తి రాజు దగ్గర ఆఫ్రికా సంతతి సైనికులు ఉండేవారు. వారు తరవాత నిజాం కొలువుకు వెళ్ళారు. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అనే ఆ దళం పేరే హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ పేటకు వచ్చింది. ఆ పేటలోని సిద్దీలు వాయించే మర్ఫా డోళ్ళ మోత నేటికీ హైదరాబాదు పెళ్ళి ఊరేగింపుల్లో వినిపిస్తుంది. ఆ డోలు చెక్క ఏ ఊరిదైనా, దరువు సముద్రం దాటి వచ్చింది.

మీరు చేయవలసిన పని

బడిలో పాత సామాను ఉన్నట్టుండి ఒకనాడు వేలానికి పోతుంది. డ్రమ్ము ఇనుము లెక్కన, రిజిస్టరు చిత్తుకాగితాల లెక్కన తూకానికి వెళతాయి. వేర్వేరు బండ్లలో వెళ్ళిన ఆ రెండింటినీ మళ్ళీ ఎవరూ కలపలేరు. అందుకే ఇప్పుడే ఒక నోటుపుస్తకం తీయండి.

వాద్యం వెడల్పు, ఎత్తు కొలిచి రాయండి. ఉన్న అక్షరాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా, తప్పులతో సహా ఎత్తి రాయండి. అయస్కాంతం పెట్టి చూడండి. 20 చుట్లు కొలవండి. ప్రతి ఆధారం పక్కన "ముందు కాదు" లేక "తరవాత కాదు" అని రాయండి. మొదటినుంచీ ఉన్న భాగమో, మార్చిన భాగమో గుర్తించండి.

చేయకూడనివి కూడా గుర్తుంచుకోండి. మెరుగు పెట్టాలని ఇసుక కాగితంతో రుద్దకండి, పూతతో పాటు సాక్ష్యం పోతుంది. లేబుల్ పీకకండి. పాత రాత మీద కొత్త రంగు వేయకండి. డ్రమ్ము మీద ముత్యపు మెరుపున్న రంగు పొర ఉంటే అది సెల్యులాయిడ్ కావచ్చు. 19వ శతాబ్దిలో పుట్టిన ఈ తొలి ప్లాస్టిక్కు క్షణంలో భగ్గుమంటుంది. దాని దగ్గరికి అగ్గిపుల్ల తీసుకుపోకూడదు.

అన్నీ రాశాక రెండు గోడల మధ్య ముప్పై ఏళ్ళ ఎడం మిగిలితే ముప్పై ఏళ్ళనే రాయండి. "1950–1980" అని నిజంగా చెప్పిన మాట, "1962" అని ఊహించి చెప్పిన మాట కంటె గొప్పది. మిగిలిన ఎడాన్ని రేపు ఇంకెవరో, ఇంకో రిజిస్టరుతో తగ్గిస్తారు.